రెండు కొండలు, మధ్యలో సూర్యుడు: సీనరీ గీసేవాడి నేపథ్యం అంటే ఏంది?

మా అన్న కూతురు ఫైన్ ఆర్ట్స్ చదువుతోంది. పోయిన నెల ఫోన్ చేసి, "చిన్నాన్నా, ఎగ్జిబిషన్‌లో బొమ్మల పక్కన అంటించడానికి ఒక పేజీ రాసివ్వమన్నారు, నా కళా నేపథ్యం, నా సృజనాత్మక పరిణామం అంట, ఏం రాసేది?" అని అడిగింది. అప్పటికే ఒక వాక్యం రాసుకుంది: "నాకు చిన్నప్పటి నుంచి ప్రకృతి అంటే ఎంతో ఇష్టం." ఈ వాక్యం రాయని సీనరీ పెయింటర్‌ని నేనింతవరకు చూడలేదు. నేనే రెండుసార్లు రాశాను, సిగ్గుపడాల్సిన పనేం లేదు. కాకపోతే అది చదివినవాడికి ఏమీ తెలియదు. ప్రకృతి అంటే ఇష్టం లేదని చెప్పేవాడెవడు?

ఆ పేజీ కోసం వారం రోజులు ఇద్దరం ఫోన్‌లో వాదించుకున్నాం. ఆ వాదనలో నాకు తేలిన సంగతులే ఇవి. నేను నెల్లూరులో ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసుకునే మనిషిని, ఆదివారాలు పెన్న ఒడ్డున రంగనాయకుల గుడి వెనక కూర్చుని నీటిరంగులు వేస్తాను, అంతకు మించి బిరుదులేం లేవు.

ఏ పిల్లాడికైనా తెల్లకాగితం ఇచ్చి సీనరీ గియ్యమనండి. రెండు కొండలు, మధ్యలో సగం సూర్యుడు, కొండల సందులోంచి దిగొచ్చే ఏరు, ఏటి పక్కన గుడిసె, గుడిసె పక్కన కొబ్బరి చెట్టు, పైన టిక్కు మార్కుల్లాంటి నాలుగు పక్షులు. మా పిల్లది విడవలూరు దగ్గర సముద్రం పక్క ఊరు. మిద్దె ఎక్కి చూసినా అక్కడ కొండ కనపడదు, సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. అయినా ఆరో తరగతిలో తను గీసిన బొమ్మలో ఆ రెండు కొండలూ ఉన్నాయి. (ఉదయగిరి అని పేరున్న కొండ మాకు పడమట ఉంది, మా కోస్తా వాళ్ళకి సూర్యుడు అస్తమించేది ఆ వైపే. పేరు పెట్టినవాళ్ళు ఎటు నిలబడి చూశారో.) మరి ఆ కొండలు ఎక్కడివి? ఇంకో బొమ్మలోవి. దాన్ని గీసినవాడూ ఇంకో బొమ్మలోంచే తెచ్చుకున్నాడు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సీనరీ గీసేవాడు ప్రకృతిని చూసి మొదలుపెట్టాడని అందరం అనుకుంటాం, వాడూ అలాగే చెప్పుకుంటాడు. నిజానికి ఎవడైనా బొమ్మలు చూసే బొమ్మలు మొదలుపెడతాడు. ప్రకృతి తర్వాత వస్తుంది, అదీ ఆ పాత బొమ్మ తప్పని చూపించడానికి వస్తుంది.

ఇది పిల్లల తప్పు కాదు, మన కవులూ అంతే. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు కాబట్టి సముద్రం, కొండ, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం అన్నీ వరసపెట్టి వర్ణించారు, వాటిలో ఎన్ని స్వయంగా చూసి రాశారో వాళ్ళకే తెలియాలి. అయితే అరువు తెచ్చుకున్న చోటే సొంతం మొదలవడం కూడా మన దగ్గరే కనిపిస్తుంది. భారతం అరణ్యపర్వంలో నన్నయ శరత్కాలపు రాత్రుల దగ్గర ఆగిపోయాడు. అద్దంకి రెడ్డిరాజుల కొలువులో ఉన్న ఎర్రన సరిగ్గా అక్కడే అందుకున్నాడు. రుతువు అదే, శరత్తే, కానీ రాత్రిని తెల్లవార్చేశాడు, ఎర్రటి ఎండతో మొదలుపెట్టాడు. ముందువాడి బొమ్మలో వెలుగు మార్చడమంటే అదీ. చిత్రకారుల్లో ఎవరి ఎదుగుదల చూసినా నాకు ఈ ఎర్రన పనే గుర్తొస్తుంది.

ఇంగ్లండులో జాన్ కానిస్టబుల్ అని ఒకాయన ఉండేవాడు. 1776లో సఫోక్‌లో పుట్టాడు, తండ్రికి పిండిమరలున్నాయి. సీనరీలు వేసేవాడే. ఆయన కూడా పాతకాలపు సీనరీ చిత్రకారుడు క్లాడ్ లొరైన్ బొమ్మలు నకలు చేస్తూనే నేర్చుకున్నాడు. క్లాడ్ బొమ్మ ఒకటి జార్జ్ బోమాంట్ అనే పెద్దమనిషి దగ్గర ఉండేది, ఆయనే ఈ కుర్రాడికి చూపించాడు. అప్పటి పెద్దలకి సీనరీ అంటే గోధుమరంగులో ఉండాలి, పాత వార్నిష్ పట్టి ముదిరిపోయిన బొమ్మల్నే చూసి అలవాటు పడ్డారు మరి. చెప్పుకునే కథ ఒకటుంది: బొమ్మ మొత్తానికీ పాత వయొలిన్ రంగు ఉండాలని బోమాంట్ అంటే, కానిస్టబుల్ ఒక పాత వయొలిన్ తీసుకెళ్ళి ఇంటి ముందు పచ్చిక మీద పెట్టాడంట. చూసుకోండి, మీ గోధుమరంగు అదీ, గడ్డి ఇదీ.

ఈ గడ్డి గొడవ చిన్నది అనుకోకండి. నెల్లూరు జిల్లాలో బొమ్మలు వేసేవాడికి అన్నిటికంటే పెద్ద టెన్షన్ ఆకుపచ్చే. బుచ్చిరెడ్డిపాళెం రోడ్డులో అటూ ఇటూ చేలే, మొలగొలుకులనే వరి పండించిన నేల అది. మొదట్లో నేను ట్యూబులో దొరికే ఆకుపచ్చని నేరుగా పూసేవాణ్ణి, చేను కాస్తా కల్యాణ మండపంలో పరిచిన ప్లాస్టిక్ చాపలా వచ్చేది. ఎందుకిలా అవుతోందో అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది. నారుమడి రంగు నిమ్మపసుపులో నీలం చుక్క తగిలినట్టు ఉంటుంది. నాటాక కొన్నాళ్ళు అసలు ఆకుపచ్చే కనపడదు, నీళ్ళలో ఆకాశం కనపడుతుంది, దాని మీద సన్నటి గీతలంతే. పొట్ట మీదికొచ్చేసరికి ముదిరి కొంచెం బూడిద చేరుతుంది, కంకి వంగాక పసుపు తిరుగుతుంది. ఇదంతా ఒకెత్తు, మనం కూర్చున్న వైపు ఒకెత్తు. ఎండకి ఎదురుగా కూర్చుంటే వెలుగు ఆకులోంచి దూరి వస్తుంది కాబట్టి చేను పసుపుగా ఉంటుంది, ఎండని వీపుకి పెట్టి చూస్తే అదే చేను నీలం వైపు పోతుంది, ఆకు పైభాగం ఆకాశాన్ని చూపిస్తుంది గనక. నీలం, పసుపు కలిపి అందులో ఇటుకరంగు చిటికెడు వేస్తే గానీ మా ఊరి పచ్చ రాదు. కానిస్టబుల్ పచ్చికలో ఒక్క పచ్చ కాదు, రకరకాల పచ్చలు పక్కపక్కనే ఉంటాయని ఫ్రెంచి చిత్రకారుడు డెలక్రా తన డైరీలో రాసుకున్నాడు. అది చదివిన రోజు నాకు కోపం వచ్చింది, రెండేళ్ళు వృథా చేశానే అని. తర్వాత చల్లబడ్డాను. చదివినంత మాత్రాన చేతికి రాదు.

కానిస్టబుల్ చేసిన ఇంకో పని నాకు ఇంకా ఇష్టం. 1821, 22 సంవత్సరాల్లో లండన్ పక్కన హాంప్‌స్టెడ్‌లో కూర్చుని ఒట్టి ఆకాశాన్నే పదే పదే వేశాడు. చాలావాటిలో చెట్టు లేదు, నేల లేదు, మబ్బులే. వాటిలో కొన్నింటి వెనక తేదీ, టైము, గాలి ఎటు వీస్తోందో రాసి పెట్టుకున్నాడు. లెక్కలు రాసేవాణ్ణి కదా, ఆ పద్ధతి నాకు తెగ నచ్చింది. మాకు నైరుతి వాన కంటే ఈశాన్యం వానే ఎక్కువ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీద నుంచి వచ్చే మబ్బు గంటకో వేషం వేస్తుంది. ఒక ఏడాది ఆ మూడు నెలలూ పెన్న ఒడ్డున పోస్టుకార్డంత కాగితాల మీద ఆకాశాలు వేసి వెనక టైము, గాలి రాసుకున్నాను. నలభై దాకా వచ్చాయి, బాగున్నవి ఆరో ఏడో. కానీ ఆ తర్వాత నా ఏ బొమ్మలోనూ ఆకాశం గోడకి సున్నం కొట్టినట్టు లేదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కూడా అలలు, మంటలు, పొగ, జెండాలు గాలి వేగాన్నిబట్టి కదులుతున్నట్టు వేయగలిగినవాడే గొప్ప చిత్రకారుడంటుంది. మనవాళ్ళకి గాలి సంగతి ముందే తెలుసు.

ఇక నేపథ్యం. ఈ మాటకి నాటకాల్లో అసలు అర్థం తెర వెనక వేషాలు వేసుకునే చోటు. బయోడేటాల్లో మాత్రం కాలేజీ పేరు, గురువు పేరు, ప్రదర్శనల పేర్లు రాస్తారు. అవి వేదిక మీదివి. తెర వెనక ఏముందో చూడాలంటే ఆ మనిషి కూలికి ఏం గీశాడో అడగాలి.

ఇంగ్లండులోనే ఇంకో సీనరీ చిత్రకారుడు టర్నర్ సంగతి చూడండి. 1775లో లండన్‌లో ఒక మంగలి కొడుకుగా పుట్టాడు, తండ్రి ఆ పిల్లాడి బొమ్మలు షాపులోనే పెట్టి కొద్ది షిల్లింగులకి అమ్మేవాడు. మన ఊళ్ళల్లో సెలూన్ అద్దం పైన స్విట్జర్లాండు కొండల పోస్టర్ ఉంటుంది చూశారా, ఆ చోట టర్నర్ ఉన్నాడన్నమాట. 14 ఏళ్ళకే రాయల్ అకాడమీ బడిలో చేరాడు, ఇది అందరూ రాసేదే. కుర్రతనంలో ఆర్కిటెక్టుల నక్షాలకి రంగులు పూసేవాడు, ఆకాశాలు వేసిపెట్టేవాడు. మన్రో అనే డాక్టరు ఇంట్లో సాయంత్రాలు పాత బొమ్మలు నకలు చేసేవాడు, గిర్టిన్ అనే ఇంకో కుర్రాడు గీతలు గీస్తే ఇతను రంగు నింపేవాడు, కొద్దిపాటి కూలి, రాత్రి భోజనం. ముసలితనంలో పొగమంచు, వాన, రైలు కలిసిపోయిన బొమ్మ 1844లో వేసినప్పుడు జనం ఇదేం పిచ్చి అన్నారు గానీ, ఆ తడి రంగుని అంత ధైర్యంగా వదిలిపెట్టే చెయ్యి ఆ కూలి సాయంత్రాల్లో తయారైందని నా నమ్మకం.

నాకు ఈ నమ్మకం ఊరికే రాలేదు. ఇంటర్ చదివే రోజుల్లో మూడు వేసవులు ఒక బోర్డు పెయింటర్ దగ్గర పనిచేశాను. మామా అని పిలిచేవాణ్ణి, చుట్టరికం ఏం లేదు. ఫ్లెక్సీలు రాని రోజులు. షాపు బోర్డులు, గోడ రాతలు, పౌరాణిక నాటకాల వాళ్ళకి తెరలు కూడా రాసేవాడు: అడవి తెర, దర్బారు తెర, వీధి తెర. దారానికి సుద్దపొడి పట్టించి, ఆ చివర ఆయన, ఈ చివర నేను బిగబట్టి, మధ్యలో లాగి వదిలితే గోడ మీద గీత టప్పున పడేది. చిన్న బొమ్మ మీద గళ్ళు, తెర మీద పెద్ద గళ్ళు, గడికి గడి చూసి పెంచడం. అడవి తెరలో నేను మొదటిసారి ఆకాశం వేసినప్పుడు పైనుంచి కింద దాకా ఒకటే నీలం కొట్టాను. "ఏందబ్బయా, ఆకాశమా అది, డ్రమ్మా?" అన్నాడు. పైన ముదురు, కిందికి వచ్చేకొద్దీ లేత, నేలకి తగిలే చోట కొంచెం పసుపు, అంతా తడి ఆరకముందే కలిపెయ్యాలి. దీపం వెలగాల్సిన చోట ముందు తెల్లచుక్క పెట్టి, అది ఆరాక రంగు పల్చగా పూసేవాడు. నేను డ్రాయింగ్ లోయర్, హయ్యర్ రెండూ పాసయ్యాను, సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో తెలియదు. ఆ ఆకాశం మాత్రం ఇప్పటికీ నా చేతిలో ఉంది. అయినా నా బయోడేటాలో మామ లేడు, అప్పట్లో నామోషీ అనిపించింది.

"ప్రభావం" అనే మాట దగ్గర మా పిల్లకీ నాకూ పెద్ద గొడవే అయింది. ఎవరి ప్రభావం ఉందో రాయాలంట, ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ పేరు రాస్తానంది. ఎందుకు? అందరూ రాస్తారు కాబట్టి. ప్రభావం అంటే పేరు కాదు తల్లీ, ఎవరో అన్న ఒక మాటకి మన పని మారిపోవడం అని చెప్పడానికి రజా కథ చెప్పాను.

చిత్రకారుడు ఎస్.హెచ్. రజా 1922లో మధ్యప్రదేశ్‌లో పుట్టాడు. తండ్రి అటవీ శాఖ ఉద్యోగి, కాబట్టి అడవి ఇంటి గుమ్మం దగ్గరే. బళ్ళో కుదురు లేకపోతే మాస్టారు గోడ మీద ఒక చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నాడంట. నాగపూర్‌లో, తర్వాత బొంబాయి జె.జె. స్కూల్లో చదివాడు, బొంబాయిలో అచ్చు బ్లాకులు చేసే ఒక స్టూడియోలో డిజైనర్‌గా పనిచేస్తూ వీధుల్ని నీటిరంగుల్లో వేసేవాడు. చేతివాటం బ్రహ్మాండం, వాన పడ్డ వీధి నాలుగు పూతల్లో తేల్చేసేవాడు. 1948లో కాశ్మీర్‌కి బొమ్మలు వేసుకోవడానికి వెళ్తే అక్కడ ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసన్ కలిశాడు. ఆయన బొమ్మలు చూసి, నీకు ప్రతిభ ఉంది గానీ నీ బొమ్మల్లో కట్టుబడి లేదు, బొమ్మని కూడా పునాది, గోడలు, దూలాలు, కప్పు ఉన్న ఇల్లులా కట్టాలి, సెజాన్‌ని చూడు అన్నాడు. రజా 1950లో ఫ్రాన్స్ వెళ్ళాడు. ఆ తర్వాత వేసిన ఊళ్ళు చూస్తే తెలుస్తుంది, ఇళ్ళు పెట్టెల్లా గట్టిగా, ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డాయి. ఇదీ ప్రభావమంటే. మెచ్చుకున్నవాడి పేరు రాసి ఊరుకుంటే సరిపోదు.

కట్టుబడి అంటే ఏంటని మా పిల్ల అడిగితే చీమకుర్తి గ్రానైట్ క్వారీలకి వెళ్ళి చూడమన్నాను. సెజాన్ ఫ్రాన్స్‌లో ఎక్స్ అనే తన ఊరి పక్కన బిబెమస్ అనే పాత రాళ్ళ క్వారీలో 1895 నుంచి 1904 దాకా ఒక చిన్న గది అద్దెకి తీసుకుని బొమ్మలు వేశాడు. మామూలు కొండకి అంచులు చెప్పడం కష్టం, చెట్లు కప్పేస్తాయి. క్వారీలో రాయిని మనిషి తిన్నగా కోసి ఉంటాడు, కాబట్టి వెలుగు పడే ముఖం, నీడ ముఖం, పక్క ముఖం వేరువేరుగా కనిపిస్తాయి. కొండ లోపల ఎలా కట్టి ఉందో విప్పి చూపించినట్టు. ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా పోయి గెలాక్సీ గ్రానైట్ గుంతల్ని దూరం నుంచి చూసినా చాలు, దిగుడుబావి మెట్లలా రాతి గోడలు, పొద్దున తూర్పు ముఖాలు వెలుగులో, పడమటి ముఖాలు నల్లగా. దుమ్ము లేచిందంటే దూరపు గోడ లేతబడి వెనక్కి పోతుంది. ఆ గుంతని ఒకసారి వేసినవాడికి నల్లమల కొండైనా, మట్టిదిబ్బైనా ఇంక ముద్దలా కనపడదు. ఆ క్వారీల వల్ల ఊళ్ళకి పట్టిన దుమ్ము సంగతి నాకు తెలియక కాదు, అది కూడా బొమ్మలోకి రావాలి, వస్తుంది.

చివరికి అందరూ తికమకపడేది ఆబ్‌స్ట్రాక్ట్ దగ్గర, అంటే చెట్టూ కొండా లేకుండా ఒట్టి రంగులు, గీతలు, ఆకారాలతోనే వేసే బొమ్మ దగ్గర. రజా ఊళ్ళని వదిలి 1980 ప్రాంతంలో నల్లటి బిందువు దగ్గరికి వచ్చాడు. మద్రాసులో కె.సి.ఎస్. పణిక్కర్ కూడా అంతే: టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసి, 25 ఏళ్ళ వయసులో 1936లో ఆర్ట్ స్కూల్లో చేరాడు, కేరళ కాలువల్నీ కొబ్బరితోటల్నీ నీటిరంగుల్లో వేసి పేరు తెచ్చుకున్నాడు, 1963 నుంచి జాతక చక్రాల్లాంటి గీతలు, చదవడానికి రాని అక్షరాలు వేశాడు. 1966లో మద్రాసు పక్కన చోళమండలం అనే చిత్రకారుల ఊరు పెట్టింది ఆయనే. ఇలాంటివి వరసగా చదివితే సీనరీ అనేది ఎల్‌కేజీ అనీ, ఆబ్‌స్ట్రాక్ట్ అనేది డిగ్రీ అనీ అనిపిస్తుంది. మా పిల్లకీ అలాగే అనిపించింది, "నేనింకా చెట్ల దగ్గరే ఉన్నా" అని దిగులు. కానిస్టబుల్ చచ్చేదాకా చెట్ల దగ్గరే ఉన్నాడు, ఏం తక్కువైంది? రజా బిందువు కూడా ఆకాశంలోంచి ఊడిపడలేదు, బళ్ళో గోడ మీద చుక్క అది, అడవిలో చీకటి అది. ఆయన తీసేస్తూ పోయాడు, తీసెయ్యగా మిగిలింది తన చిన్ననాటి ఊరే. తీసెయ్యడానికి ముందు ఏదో ఒకటి చేతిలో నిండా ఉండాలి కదా. ఆ నిండేదాకా ఆయుష్షు దొరకనివాళ్ళూ ఉన్నారు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో బొంబాయి వెళ్ళి చదివి, తిరిగొచ్చి గోదావరి ఒడ్డున చిత్రకళాశాల పెట్టి, 1925లో మశూచితో పోయాడు, 28 కూడా నిండలేదు. ఆయన పరిణామం ఎటు వెళ్ళేదో మనం ఊహించుకోవడమే.

కొనేవాళ్ళ సంగతి కూడా నేపథ్యంలోదే, ఎవరూ రాయరు గానీ. ఎండాకాలపు పెన్న బొమ్మ ఒకటి, ఇసుక, రెండు సన్నటి నీటి పాయలు, దూరంగా కోవూరు వైపు గట్టు, ఒకాయన ఆఫీసు కోసం అడిగితే ఇచ్చాను. వారం తర్వాత ఫోన్. "బాగుంది సార్, కాకపోతే బోసిగా ఉంది, ఇంకాసిని నీళ్ళు, రెండు హంసలు వెయ్యండి." పెన్నలో హంసలు! వేశానా లేదా అనేది అడక్కండి. ఫ్రేము డబ్బులు ఆయనే ఇచ్చాడు.

ఇదంతా విన్నాక మా పిల్ల నాలుగు రోజులు ఫోన్ చెయ్యలేదు. తర్వాత పేజీ పంపింది. మొదటి వాక్యం తీసేసింది. వాళ్ళ నాన్నవి రొయ్యల గుంటలు. తెల్లారుజామున కరెంటు పోతే నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి, నీళ్ళలో ఆక్సిజన్ తగ్గే టైము కూడా అదే, నాన్న టార్చి పట్టుకుని గట్టు మీద పరిగెత్తేవాడు, వెనకాల తను. టార్చి వెలుగు నీళ్ళ మీద పడితే రొయ్యల కళ్ళు నారింజరంగు చుక్కల్లా మెరిసేవి, ఎక్కువ కనిపిస్తే ఆయన గుండె జారేది, రొయ్య పైకి తేలిందంటే గాలి చాలట్లేదనే. తను చూసిన మొదటి సీనరీ అదని రాసింది. దాన్నే వేస్తోందంట ఇప్పుడు, నలుచదరంగా చీకటి, గట్టు గీత, చుక్కలు.

"చిన్నాన్నా, ఆ చుక్కలు మెరవడం లేదు," అంది. "నలుపు మీద నారింజ వేస్తుంటే బురదలా అయిపోతోంది."

ముందు తెల్లచుక్క పెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, ఆ పైన రంగు పల్చగా పుయ్యమన్నాను. ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. నాటకాల తెర దగ్గర అని చెప్పాను.